అరుణజ్యోతి ముక్కుపురుగులు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో జువాలజీ చెప్పే అరుణజ్యోతి కుర్చీలో కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. పక్క గదిలో ఫిజిక్స్ చెప్పుకునే నాకు గోడకవతల ఆమె చెప్పుల చప్పుడు ఆగిందంటే పీరియడ్ అయిపోయినట్టు. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే తర్వాతి స్టాపుకి నడిచిపోయే రకం. దారిలో ఆ బస్సే ఆమెను దాటిపోయేది.

అలాంటి మనిషి పురుగుల పని నెత్తికెత్తుకుంది. ఎల్బీనగర్‌లో మేమిద్దరం ఉండే కాలనీ వెనక చెరువును గుర్రపుడెక్క కప్పేసింది. సాయంత్రం కిటికీ తెరిస్తే దోమలే. గుర్రపుడెక్కను మాత్రమే తిని బతికే ముక్కుపురుగులున్నాయని, ఏదో పరిశోధన కేంద్రం చుట్టూ తిరిగి డబ్బాల్లో తెచ్చింది. ఆదివారాలు ఆమె, నేను, మరో ఆరుగురం మోకాటి లోతు బురదలో దిగి వాటిని ఆకుల మీద వదిలాం.

చెరువు సంఘం పెద్ద జనార్ధన్. ఒకప్పుడు ఆ చెరువు కింద వాళ్లకు వరి పండేది. ఇప్పుడు ఆ మళ్లలోనే మా ఫ్లాట్లున్నాయి.

"ఎన్ని రోజులు పడ్తది మేడం?" అని అడిగాడు.

"ఆరు నెలలండి," అంది తడుముకోకుండా.

జనార్ధన్ నమ్మాడు. జేసీబీ పిలవమన్న కాలనీ వాళ్లందరికీ అడ్డం నిలబడ్డాడు.

ఆరు నెలలూ గడిచాయి. గుర్రపుడెక్క నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. ఆకుల మీద అక్కడక్కడ గీకిన మచ్చలు తప్ప మార్పు లేదు. అరుణజ్యోతి రోజూ క్లాసు అవగానే వచ్చి గట్టు మీద కాలుగాలిన పిల్లిలా తిరిగేది. పురుగులు చచ్చిపోయి ఉంటాయనేది. ఏడో నెలలో ఇక ఆగలేక తానే జనార్ధన్ దగ్గరికి వెళ్లి, "పనిచేయలేదండి, మిషన్ పిలిపించండి," అంది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా? పక్కనే ఉన్న నేనూ తలూపాను. నాకూ విసుగొచ్చింది మరి.

సోమవారం పొద్దున జేసీబీ దిగింది. పదింటికల్లా సగం చెరువు గట్టు మీద గుట్టలై పడింది. బర్రెల కోసం కాడలు ఏరుకుంటున్న బుచ్చవ్వ మమ్మల్ని పిలిచింది.

"ఏంది బిడ్డా, గీ కాడలు పట్టుకుంటెనే ఇరుగుతున్నయ్. లోపలంత పురుగే."

అరుణజ్యోతి ఒక కాడను గోటితో చీల్చింది. లోపల సొరంగం, అందులో బియ్యపు గింజంత తెల్లటి పిల్లపురుగు. ఇంకోటి చీల్చింది. అందులో రెండు. ఏటా లార్వా పాఠం చెప్పే మనిషి, ఆర్నెల్లు గట్టు మీద తిరిగిందే గానీ, ఒక్క కాడనూ చీల్చి చూడలేదు.

పరుగెత్తి జేసీబీకి అడ్డం నిలబడి ఆపించింది. తర్వాత గుట్టలోంచి చేతుల నిండా కాడలు ఎత్తి మళ్లీ నీళ్లలో వేయడం మొదలుపెట్టింది. కాలనీ వాళ్లు ఆమెకు మతి పోయిందనుకున్నారు. జనార్ధన్ వచ్చాడు.

"ఏంది మేడం ఇది? మీరు చెప్తెనే గద పిలిచిన."

"తప్పు నాదేనండి. పురుగులు పనిచేస్తున్నాయి. మిగతా సగం వదిలేయండి."

"ఎన్ని నెలలు?"

"మూడేళ్లు పట్టొచ్చు. నాకు మొదటి రోజే తెలుసు. మూడేళ్లంటే మీరు ఒప్పుకోరని ఆరు నెలలన్నాను. అంటూ అంటూ నేనే నమ్మేశాను."

జనార్ధన్ చెరువు వైపు తిరిగాడు.

"గా మాట అప్పుడే చెప్తె మూడేండ్లు ఆగుతుంటి. గీ చెరువు ఒక్కసారి నిండాలని మా నాయిన ఐదేండ్లు ఎదురుచూసిండు," అని డ్రైవర్‌కి బండి తీసుకుపొమ్మని చెయ్యి ఊపాడు. "నేను గిప్పుడు గూడ ఆగుతా మేడం. ఆగంది మీరే."

ఆమె ఏడుస్తోంది. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.