ఖాదర్ బాషా ఆవిరి డబ్బాకు పెట్టిన పరీక్ష

తిరుపతి నుంచి చిత్తూరు పాలిటెక్నిక్‌కు ఆటోమొబైల్ విభాగం హెడ్‌గా నన్ను బదిలీ చేసింది నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో, ఒక జూన్ నెలలో. హెడ్ ఆఫ్ సెక్షన్ అంటే పాఠాలు చెప్పడంతో పాటు ప్రయోగశాల బాధ్యత, బయటివాళ్ళు తెచ్చే యంత్రాలను పరీక్షించి నివేదిక ఇచ్చే బాధ్యత కూడా. ఆ విభాగానికి ఆడమనిషి హెడ్‌గా రావడం అదే మొదలు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు గాని, నేను బానెట్ ఎత్తినప్పుడల్లా చుట్టూ నలుగురు చేరేవారు.

వచ్చిన కొద్ది వారాలకే ఖాదర్ బాషా గారు తన కారుతో మా షెడ్డుకు వచ్చారు. ఊళ్ళో రేడియేటర్లు బాగుచేసే దుకాణం ఆయనది. రాగి, ఇత్తడి అతకడంలో మంచి పనిమంతుడు. ఇంజన్ పక్కన ఆయనే చేసి బిగించిన ఒక డబ్బా ఉంది. రేడియేటర్‌కు పోయే వేడినీళ్ళు దాని చుట్టూ తిరిగి లోపలి పెట్రోలును ఆవిరి చేస్తాయి. ఆ ఆవిరి ఇంజన్ పీల్చే గాలిలో కలుస్తుంది. చుక్కలుగా పోయే పెట్రోలు సగం కాలకుండానే పొగగొట్టంలోంచి పోతోందనీ, ఆవిరైతే మొత్తం కాలుతుందనీ ఆయన నమ్మకం.

"నా బండిలో మైలేజీ పెరిగిండాది మేడమ్. నేను చూసినాను. మీరు పరీక్ష చేసి రాసిస్తే తిరుపతి టాక్సీవాళ్ళంతా నమ్ముతారు," అన్నారు.

ఆయన వెంట మునిరత్నం నాయుడు గారు వచ్చారు. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే మనిషి. ఈ డబ్బాలు తయారుచేయించడానికి షెడ్డు కూడా చూసిపెట్టారు. నివేదిక చేతికొస్తే బాషా గారు రేడియేటర్ దుకాణం వదిలేసి ఆ షెడ్డుకు మారిపోతారు. నేను రాసే మాట మీద ఒక కుటుంబం బతుకుతెరువు నిలిచి ఉందని అర్థమైంది. వేడి ఇంజన్ పక్కన పెట్రోలు ఆవిరి పెట్టుకుని యాత్రికులతో కొండ ఎక్కబోయే బండ్లు కూడా నా కళ్ళముందు మెదిలాయి.

చదివిన చదువు ప్రకారం జవాబు నాకు ముందే తెలుసు. ఇప్పటి ఇంజన్లలో ఇంజెక్టర్ పెట్రోలును సన్నటి తుంపరగా చల్లుతుంది. స్పార్క్ పడే వేళకు అది దాదాపు అంతా ఆవిరై ఉంటుంది. కాలకుండా మిగిలేది చాలా తక్కువ. పైగా పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. ఆవిరి అదనంగా వస్తే కంప్యూటర్ దాన్నిబట్టి ఇంజెక్టర్ చల్లేదాన్ని తగ్గించేస్తుంది. మొత్తం ఖర్చయ్యే పెట్రోలు అంతే. అయితే స్వయంగా చూశానన్న మనిషికి పాఠం చెబితే సరిపోదు. బండి ఆయనదే, డబ్బా ఆయనదే, నడిపేదీ ఆయనే కావాలన్నాను.

బంకులో ట్యాంకు నింపి చూసుకునే కొలత పనికిరాదు. నాజిల్ ఆగేచోటు రోజుకో రకంగా ఉంటుంది. అందుకని డిక్కీలో విడిగా ఒక క్యాను, పంపు బిగించాం. ఇంజన్‌కూ డబ్బాకూ పెట్రోలు అందులోంచే పోవాలి. ఎండకు పెట్రోలు పొంగుతుంది గనక లీటర్లలో కొలవకుండా, బయల్దేరేముందూ వచ్చాకా క్యానును తూకం వేశాం. చిత్తూరు నుంచి బంగారుపాళ్యం పోయి రావాలి. ఎప్పుడూ ఉదయం పూటే, ఏసీ వేయకుండా, టైర్లలో ఒకే గాలితో. ఆవిరి పోయే దారిలో ఒక వాల్వు పెట్టించాను. ఆయన బండెక్కకముందే నాణెం ఎగరేసి, బొమ్మ పడితే వాల్వు తెరిచి, బొరుసు పడితే మూసి, బానెట్ దించేసేదాన్ని. ఏది చేశానో చెప్పను. తిరిగొచ్చాక ఆయనే చెప్పాలి.

మొదటి రోజు దిగుతూనే, "ఈ పొద్దు తెరిచిండారు మేడమ్. బండి తేలిగ్గా లాగింది," అన్నారు. వాల్వు మూసే ఉంది. తరువాతి రోజుల్లో ఆయన ఊహ కొన్నిసార్లు కలిసింది, కొన్నిసార్లు తప్పింది. వాల్వు మూసిన రెండు ప్రయాణాల మధ్య తూకంలో ఎంత తేడా వచ్చిందో, తెరిచిన వాటికీ మూసిన వాటికీ మధ్య అంతకన్నా ఎక్కువ రాలేదు.

ఆయన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఇంకొకటి. తెరిచినా మూసినా అన్నిసార్లూ మైలేజీ, డబ్బా బిగించకముందు ఆయన చూసుకున్న లెక్కకన్నా బాగానే వచ్చింది. మైలేజీ చూస్తున్నానని తెలిసిన మనిషి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడు, మాటిమాటికీ బ్రేకు వేయడు. అదే చెప్పాను.

"అంటే పెరిగింది డబ్బాతో కాదు, నా కాలితోనా మేడమ్?"

"అవును భాయ్," అన్నాను.

నాయుడు గారు ఊరుకోలేదు. "లాభం లేదని రాయడం దేనికమ్మా? నష్టం లేదని రాయండి, సాలు. అదీ నిజమే గదా," అన్నారు. మర్యాదగానే అడిగారు. చూసింది చూసినట్టే రాస్తాననీ, మంట అంటుకునే ప్రమాదం ఉందని కూడా రాస్తాననీ చెప్పాను. ఆయన మళ్ళీ నోరు తెరిచేలోగా బాషా గారు అందుకున్నారు.

"వద్దప్పా. ఆడ కూసోని తొక్కినోన్ని నేను. ఎప్పుడు తెరిచినారో నాకే తెలీలేదు. ఇంక ఊరోళ్ళకేం చెప్పేది?"

ఆ నివేదిక కింద, పరీక్షకు హాజరైన వ్యక్తిగా ఆయన కూడా సంతకం చేశారు. డబ్బాను తానే విప్పి తీసుకుపోయారు. రేడియేటర్ దుకాణం వదల్లేదు. తరువాత టాక్సీ యజమానులు పెట్రోలు పైపుకు కట్టే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే బిళ్ళలు పట్టుకుని మా దగ్గరకు వచ్చేవారు. వాళ్ళలో చాలామందిని పంపింది బాషా గారే. అన్నిటికీ అదే పద్ధతి వాడాం. నేను రిటైరయ్యేనాటికి మా విభాగం ఇచ్చిన నివేదికకు టాక్సీ స్టాండ్లలో విలువ ఉండేది. ఉద్యోగంలో చేసిన పనుల్లో నేను గర్వంగా చెప్పుకునేది ఇదే.

పెట్రోలును ఆవిరి చేయడం కష్టమేమీ కాదు. ఆ పని ఇంజన్ ఎలాగూ చేసుకుంటోంది. ఇలాంటి పరికరాన్ని పరీక్షించేటప్పుడు అది పనిచేస్తోందో లేదో నడిపే మనిషికి తెలియనివ్వకూడదు. తెలిస్తే మన తూకంలో పెట్రోలుతో పాటు ఆయన ఆశ కూడా తూగుతుంది.