నేర్పిన జవాబులు

చాచక్ ఊరి బస్టాండు పక్కన లూబింకది బూరెక్ కొట్టు. తెల్లవారేసరికి పిండిని పలచగా సాగదీసి, జున్ను పరిచి, పొరలు చుట్టేది. ఆ వసంతమంతా చేతులు పిండిలో ఉండగానే, కూతురు తియానా చేత ఐదు జవాబులు వల్లె వేయించింది. బడిలో చేర్చుకునే ముందు ప్రతి పిల్లనూ అడిగే ప్రశ్నలకు జవాబులవి. పోయినేడు కొడుకును అక్కడ చేర్పించిన పొరుగింటి జాగోర్క ఆ ప్రశ్నల్ని వరసగా చెప్పిపెట్టింది.

తియానాకు ఏడేళ్లు. మాట ఆలస్యం, ఆలోచన నిదానం. నది అవతల అలాంటి పిల్లల బడి ఒకటుంది. ఆ వీధిన వెళ్లవలసి వస్తే లూబింక చుట్టు తిరిగి పోయేది.

పరీక్ష రోజు బడి మేడమ్ ప్రశ్నల వరస మార్చింది.

"ఆవుకు ఎన్ని కాళ్లమ్మా?"

"తియానా పాంతిచ్," అంది పిల్ల గట్టిగా.

"ఇప్పుడు ఏ కాలం?"

"నాలుగు."

మేడమ్ కలం కింద పెట్టింది. "ఇవన్నీ ఎవరు నేర్పారు తల్లీ?"

"మా అమ్మ!" తియానా సంబరంగా వేలు చూపించింది.

లూబింక తల ఎత్తలేదు. గోళ్ల సందున పిండి ఎండి ఉంది.

"పిల్లను చూద్దామనుకున్నానండీ, మిమ్మల్ని చూశాను," అంది మేడమ్. ఆ గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. "ఇక్కడ తరగతికి ముప్పై మంది. చేర్చుకోమంటే చేర్చుకుంటాం, వెనక కూర్చుంటుంది. నది అవతల ఆరుగురే. చూసొచ్చి మీరే చెప్పండి."

బయటికొచ్చాక, "బాగా చెప్పానా అమ్మా?" అని అడిగింది తియానా.

"బాగా చెప్పావు."

వంతెన దాటి ఆ బడి గేటు ముందు నిలబడ్డారు. లోపల ఆరుగురు పిల్లలు మొక్కలకు నీళ్లు పోస్తున్నారు, పోసిన మొక్కకే మళ్లీ పోస్తున్నారు. ఎవరూ కసరడం లేదు.

"ఓసి లూబింకా!" సంతసంచితో జాగోర్క. "ఇక్కడ నీకేం పనే?"

"దారి తప్పాం."

"పుట్టిన ఊళ్లోనా? ఊరికి కొత్తగా దిగినవాళ్లందరికీ దారి చెప్పేది నువ్వేనాయె!"

తియానా తల్లి చెయ్యి లాగింది. "తప్పలేదమ్మా," అంది నిదానంగా. "వంతెన దాటాం. పావురాల్ని చూశాం. వచ్చాం."

ఆ మాటలు ఎవరూ నేర్పినవి కావు.

లూబింక సిగ్గుతో కుంచించుకుపోయింది. "అవును, తప్పలేదు. దీనికి బడి చూద్దామనొచ్చాం," అంది. ఆ మాట తనకే సరిగా వినిపించలేదు.

"ఏమన్నావే?"

రెండోసారి చెప్పవలసి వచ్చింది. చెప్పి, గేటు తోసింది.