సీసా మొత్తం పోసిన మామయ్య

మా అమ్మకు అన్నయ్య, అంటే మా మామయ్య, మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన దుకాణానికి వచ్చినవాళ్ళు ముందు తిట్లు తిని, తర్వాతే మరమ్మతు మాట ఎత్తాలి. ఎదురుగా అందరూ "మేస్త్రీగారూ" అంటారు. ఆయన అటు తిరగ్గానే "టపాకాయ్" అంటారు.

ఆయన తిట్లలో సగం ఇంజను శుభ్రం చేసే మందు గురించే. పెట్రోల్లో కలిపే ఆ మందు చిన్న సీసాల్లో వస్తుంది. కొలత ప్రకారం పోస్తే లోపల పేరుకున్న మసి కొద్దికొద్దిగా వదిలి బండి హాయిగా నడుస్తుంది. కానీ పాత బండి ట్యాంకు అడుగున తుప్పూ జిడ్డూ పట్టి ఉంటే, అదంతా ఒక్కసారిగా ఊడొచ్చి పెట్రోలు పోయే సన్నటి దారికి అడ్డం పడుతుంది. అందుకే మామయ్య ముందు ట్యాంకు మూత తీసి, టార్చి వేసి లోపలికి చూస్తాడు. చూసుకోకుండా సొంతంగా పోసుకొచ్చినవాడి పని అయిపోయినట్టే.

"కడుపులో ఏముందో తెలీకుండా విరేచనాల మందు తాగుతావట్రా నువ్వు?" అని వీధి చివరిదాకా వినపడేలా అరుస్తాడు.

ఇంతా చేసి, ఊళ్ళో బండ్లన్నిటికీ టార్చి వేసే మనిషి మా అమ్మ బండిలోకి ఏనాడూ తొంగి చూడలేదు. ఇంటి బండి కదా, ఎక్కడికి పోతుంది!

అమ్మకు ఆ బండే బతుకుతెరువు. ఆసుపత్రిలో నేను రోగుల దగ్గర తీసిన రక్తం గొట్టాలను మంచుపెట్టెలో పెట్టుకుని ఊరి అవతలున్న ల్యాబుకు చేరుస్తుంది. ఆలస్యమైతే ఆ రక్తం పనికిరాదు. బండి దగ్గుతోందని మామయ్యకు చెప్పి చెప్పి విసిగిపోయింది. చివరికి ఒకరోజు దుకాణంలో అందరి ముందే అడిగేసింది.

"అన్నయ్యా, ఎవరెవరి బండ్లో బాగుచేస్తావు. చెల్లెలి బండి నీ కంటికి ఆనదా?"

జనం నవ్వారు. మామయ్యకు తల కొట్టేసినట్టయింది. ఒంటికాలి మీద లేచాడు.

"నీ బండికేం రోగమే? నడపడం చేతకాక నామీద పడతావు!" అంటూ సీసా అందుకున్నాడు. టార్చి ఊసే ఎత్తకుండా గటగటా మొత్తం ట్యాంకులోకి ఒంపేశాడు. "పో! ఇక నువ్వు దగ్గుతావేమోగానీ అది దగ్గదు."

మర్నాడు మిట్టమధ్యాహ్నం, వంతెన ఎక్కుతుండగా బండి ఆగిపోయింది. ఆ వంతెన మీద మనిషి కోసం ఆగే వాహనం ఉండదు. అమ్మ బండిని తోసుకుంటూ ల్యాబుకు చేరేసరికి పెట్టెలో మంచు నీళ్ళయింది. వాళ్ళు గొట్టాలు తీసుకోలేదు. పెద్దవాళ్ళు తిట్టుకుంటూ మళ్ళీ రక్తం ఇస్తారు, సరే. కానీ ఆ గొట్టాల్లో ఒకటి నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లది. నరం దొరక్క, చెమటలు కక్కుకుంటూ తీసిన రక్తం అది.

అమ్మ ఫోన్లో ఆ మాట చెప్పగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సూది మళ్ళీ గుచ్చాల్సింది నేను. గుచ్చించుకోవాల్సింది రెండు చేతుల్లో ఒదిగిపోయే ఆ పిల్ల. మామయ్యేమో దుకాణంలో కూర్చుని బంకువాణ్ణి తిడుతున్నాడట! పెట్రోలు కల్తీదట! మందు తయారుచేసినవాడు దొంగట! అమ్మ బండి తోలడం మొదట్నుంచీ అంతేనట! లోకంలో తప్పు చేయనివాడు ఆయనొక్కడే.

అమ్మ వాదించలేదు. మడ్డి చేతులు తుడుచుకోనివ్వకుండా ఆయన్ని ఆటో ఎక్కించి ఆసుపత్రికి లాక్కొచ్చింది. పిల్లల గది గుమ్మంలో నిలబెట్టి, "ఆ తిట్లేవో ఇక్కడ తిట్టు అన్నయ్యా," అంది.

నేను ఆయన వైపు చూడలేదు. సూది పట్టుకుని పిల్ల చేతి మీదికి వంగాను. మొదటిసారి నరం జారిపోయింది. ఏడవడానికి కూడా ఆ పిల్లకు సరిగా ఓపిక లేదు. తల్లి గోడవైపు తిరిగిపోయింది. పిల్ల తండ్రి, మామయ్య బట్టల మీది మరకలు చూసి, "మీరెవరండీ?" అని అడిగాడు.

మామయ్య చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"మా అన్నయ్యండీ," అంది అమ్మ. "నా బండిలో మందు పోసింది ఈయనే."

రెండోసారికి రక్తం వచ్చింది. అమ్మ ఆ గొట్టం పట్టుకుని ఆటోలో ల్యాబుకు వెళ్ళిపోయింది. మామయ్య ల్యాబు దగ్గరున్న అమ్మ బండిని దుకాణానికి తోసుకెళ్ళి, ట్యాంకు ఊడదీసి తొట్టిలోకి వంచాడు. గోధుమరంగు మడ్డి ముద్దలు ముద్దలుగా పడింది. కడిగాడు, కార్బురేటరు విప్పి తుడిచాడు, మళ్ళీ బిగించాడు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నాకైతే జాలి కలగలేదు. ఇప్పటికీ కలగదు.

మర్నాడు పొద్దున తాళం అందించబోతే అమ్మ తీసుకోలేదు. బల్లమీదున్న ఆయన టార్చి తీసుకుంది. ట్యాంకు మూత తెరిచి, వంగి, మూలమూలలా చూసింది. ఆ తర్వాతే తాళానికి చేయి చాపింది.

ఇప్పటికీ అంతే. ఆయన బాగుచేసిన ప్రతిసారీ ఆయన ఎదుటే టార్చి వేసి చూసుకుంటేగానీ బండెక్కదు, దుకాణం నిండా జనం ఉన్నా సరే. ఆమె చూస్తున్నంతసేపూ టపాకాయ్ చేతులు వెనక్కి దాచుకుని నిలబడతాడు.