నాలుగో బోరుకు సిద్ధమైన ఆదర్శ పాఠకుడు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వేరుశనగ నిలువునా ఎండిపోయిన ఏడాది, ముదిగుబ్బ శాఖా గ్రంథాలయానికి గ్రేడ్-3 గ్రంథపాలకుడిగా బదిలీ మీద వెళ్లాను. చేరిన వారానికే జిల్లా కేంద్రం నుంచి ఒక అట్టపెట్టె దిగింది. నిండా డబ్బు దాచుకోవడం, పెంచుకోవడం నేర్పే పుస్తకాలు. వాన లేని చోటికి పొదుపు పాఠాలు పంపాలని ఎవరికి తోచిందో గానీ, ఆ బుర్రకు దండం పెట్టాలి.

కొత్త పుస్తకానికి అక్సెషన్ రిజిస్టరులో నంబరు వేసి ఎక్కించడం మా మొదటి పని. మూడు నెలలకోసారి దాన్ని ఎవరు చదివారో, ఏం ప్రయోజనం పొందారో పైకి నివేదిక పంపాలి. చదివేవాళ్లు దొరక్క, రోజూ పేపరు కోసం వచ్చే నాగిరెడ్డిని పట్టుకుని వాటిలో ఒకటి చేతిలో పెట్టాను. మెట్ట రైతు. బుద్ధిగా వారంలో చదివేశాడు. ‘ఆదర్శ పాఠకుడు’ అని రాసి పంపితే పైనుంచి నాకు మెచ్చుకోలు కూడా వచ్చింది.

కొన్నాళ్లకు అతని భార్య రత్నమ్మ ఆ పుస్తకం పట్టుకుని వచ్చింది. ఆమెకు అక్షరం రాదు.

“దుడ్లు ఊరికే పెట్టుకోవద్దు, ఆదాయమొచ్చే దాంట్లో పెట్టమని దీంట్లో ఉండాదంట సార్. మూడు బోర్లు ఎండిపోయినాయి. ఇప్పుడు గొర్రెలమ్మి నాలుగోది ఏస్తానంటాండాడు. వాన పడేదాకా మాకు కూడు పెట్టేది ఆ గొర్రెలే.”

వద్దని ఎక్కడైనా రాసుంటే వచ్చి ఆయనకు చదివి వినిపించమంది. వెతికాను. ఐదో అధ్యాయమంతా అదే: ఆపదకు దాచుకున్నది ముట్టుకోవద్దని.

చేనికి వెళ్తే, బోరు ఎక్కడ వేయాలో పాయింటు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడుస్తున్నాడు. నీళ్లున్న చోట కాయ నిలువుగా లేస్తుందని ఇక్కడి నమ్మకం. ఆయన వెనుక నాగిరెడ్డి, నాగిరెడ్డి వెనుక ఐదో అధ్యాయం గట్టిగా చదువుతూ నేను. కాయ లేచింది. ముందు మూడుసార్లూ లేచిందట.

“అది జీతాలొచ్చేటోళ్లకు రాసింది సార్. నా ఆపదంతా నీళ్లే కదా,” అన్నాడు నాగిరెడ్డి.

మర్నాడు గొర్రెల వ్యాపారి డబ్బు తేవాలి, దాంతో బోరు లారీ రావాలి. వ్యాపారి వచ్చేసరికి దొడ్డి ఖాళీగా ఉంది. రత్నమ్మ మందను తోలుకుని తన అన్న ఊరికి పోయింది. డబ్బు లేదని తెలిసి లారీ ఇంకొకరి చేనికి మళ్లింది. నాలుగో బోరు మాట ఎత్తనని నాగిరెడ్డి ఆమె అన్న ఎదుట ఒప్పుకున్నాకే గొర్రెలు తిరిగొచ్చాయి.

తర్వాతి నివేదికలో ప్రయోజనం పొందినవారి గడిలో రత్నమ్మ పేరు రాశాను. చదవడం రానివారు పాఠకులు కారని వెనక్కి పంపారు. కొట్టేసి నాగిరెడ్డి పేరు రాస్తే వెంటనే ఆమోదించారు.

ముప్పై ఏళ్ల సర్వీసు నేర్పనిది ఈ ఉదంతం నేర్పింది. తాను చదవని పుస్తకాన్ని గ్రంథపాలకుడు ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. అందులో ఐదో అధ్యాయం ఒకటుందని నాకు తెలిసింది రత్నమ్మ అడిగిన రోజునే.