నెత్తి మీద ప్రాణం, మడమ కింద రివర్స్ హారన్

ఆ రోజుల్లో నా దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులుండేవాళ్ళు: అభిరుచి ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు. మొదటి రకంలో నేనొక్కదాన్నే. గూడూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రెండో సంవత్సరం చదువుతూ, అంటే పరీక్షలు తప్పుతూ, మిగిలిన సమయమంతా అన్నయ్య ఫోన్లో వీడియో గేములు ఆడేదాన్ని. గొప్పగా ఆడేదాన్నని అనుకోకండి. శత్రువు తుపాకీ పట్టుకుని ఎదురుగా వస్తుంటే నేను వాడిని వదిలేసి, తెర మూలన ఉన్న చిన్న మ్యాపునీ, పైన తరిగిపోయే ప్రాణం గీతనీ, కింద వరసగా ఉన్న సామాన్ల గడులనీ చూస్తూ మైమరచి చచ్చిపోయేదాన్ని. "ఆడేది రాదు గానీ అంచులు చూస్తా ఉంటది" అని అన్నయ్య ఫోను లాక్కునేవాడు. వాడు ఏ రకమో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

అలాంటి సమయంలో కాలేజీ వార్షికోత్సవానికి 'ఒంటి మీద కళ' అని ఒక పోటీ పెట్టారు. ఎవరు తయారు చేసుకున్నది వాళ్ళు తొడుక్కుని వేదిక మీద నడవాలి. గెలిచినవాళ్ళని చెన్నైలో ఒక డిజైన్ కాలేజీ వేసవి శిక్షణకి తీసుకుంటుందట. ఇంజనీరింగ్ నుంచి బయటపడే దారి నాకు అదొక్కటే కనిపించింది. చిల్లకూరు దగ్గర హైవే పక్కన పంక్చర్ షాపు నడిపే మా నాన్నకి చెప్పాను. ఆయన ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తూనే, "గెలిస్తే పో పాపా. గెలవకపోతే నోరు మూసుకోని సప్లీలు రాయాల. మళ్ళీ డిజైన్ గిజైన్ అన్నావంటే ఊరుకోను" అన్నాడు.

తోటివాళ్ళ తయారీ చూసి నాకు నవ్వాగలేదు. ఒకమ్మాయి న్యూస్‌పేపర్లతో చీర కడుతోంది. (ప్రతి కాలేజీలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు కడతారు, అలా కట్టాలని చట్టం ఉందేమో తెలియదు.) ఇంకొకడు కోడిగుడ్ల అట్టలు అతికించి కవచం అంటున్నాడు. నాది మాత్రం గేము తెర అలాగే మనిషి మీదకి దిగినట్టుండాలి. ఛాతీ మీద పులికాట్ సరస్సు మ్యాపు, అందులో మిణుకుమనే చుక్క (అది నేను). పావడా చుట్టూ ప్లాస్టిక్ జేబుల గడులు, వాటిలో నిమ్మకాయ దగ్గర్నుంచి ఎండుచేప దాకా ప్రయాణానికి కావలసిన సామాను. నెత్తి మీద, గాలం కర్రకి వేలాడుతూ, పది లైట్ల ప్రాణం గీత.

బట్ట కుట్టింది మా పెద్దమ్మ. ఆదివారం చర్చిలో కనిపించే జాకెట్లలో సగం ఆమె కుట్టినవే. నెత్తి మీద అదేమిటని అడిగితే, మనిషికి ప్రాణం ఎంత మిగిలిందో చూపిస్తుందని గంభీరంగా చెప్పాను. "అది ప్రభువుకి తెలిస్తే చాలదా, కాలేజీ వాళ్ళందరికీ ఎందుకు మే?" అంది. లైట్లు పెట్టింది మా మామ. హైవే మీద లారీలకి రంగురంగుల లైట్లు బిగించడం ఆయన పని. మోటార్ సైకిల్ బ్యాటరీని స్కూలు బ్యాగులో పెట్టి నా వీపుకి తగిలించి, చెప్పుల్లో స్విచ్‌లు అమర్చాడు. "అడుగేస్తే వెలగాల, అంతే కదా? ఇంకోటి కూడా పెట్టినా, నీకు చెప్పను. స్టేజీ మీద చూడు, అదిరిపోద్ది" అన్నాడు. పొగడ్త తప్ప మరేదీ చెవికెక్కని రోజులవి. అదేమిటని నేను అడగనే లేదు.

పోటీ రోజు బయలుదేరబోతుంటే జిప్పు తెగింది. పెద్దమ్మ సూది తీసి, నేను అందులో ఉండగానే మెడ నుంచి నడుము దాకా కుట్టేసింది. అలాగే వెళ్ళి వేదిక ఎక్కాను. మొదటి అడుగుకే మ్యాపు మిణుకుమంది, ప్రాణం ఎర్రగా వెలిగింది, హాలంతా నిశ్శబ్దమైపోయింది. అది ఆరాధన అనుకున్నాను. గూడూరు ఎండలో మెడకి మఫ్లర్ చుట్టుకున్న న్యాయనిర్ణేత ఒకాయన దగ్గరగా చూద్దామని వేదిక ఎక్కాడు. ఆయనకి చోటిద్దామని ఒక అడుగు వెనక్కి వేశాను. మడమ మీద బరువు పడింది. నా వీపు మీది బ్యాగులోంచి లారీ రివర్స్ హారన్ రాగాలు తీస్తూ మోగింది.

కంగారులో ఇంకో అడుగు వెనక్కి వేశాను. స్విచ్ ఇరుక్కుపోయింది. వెనక బెంచీల నుంచి ఎవడో "రానీ, రానీ, రానీ..." అని మొదలుపెట్టాడు. అంతే, హాలు మొత్తం లారీ క్లీనర్లయిపోయి చేతులూపుతూ "రానీ, రానీ, హోల్డాన్!" అని అరిచింది. న్యాయనిర్ణేత పక్కకి తప్పుకుని, "ఇది కళ కాదమ్మా, వాహనం" అన్నాడు, అదీ మైకులో. బహుమతి న్యూస్‌పేపర్ చీరకి వచ్చింది. (ఇప్పటికీ చెబుతున్నాను, దాని కుచ్చిళ్ళు ఏమీ బాగాలేవు.)

కుట్లు విప్పే పెద్దమ్మ ఇంటి దగ్గరుంది కాబట్టి ఆ అవతారంలోనే బస్సెక్కాను. "కర్ర వంచుకోమ్మా, టాపుకి తగల్తా ఉండాది" అన్నాడు కండక్టర్. జనమంతా నన్ను చూస్తుంటే, నేను వాళ్ళందరి అభిరుచిలేమికి జాలిపడుతూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

షాపు దగ్గర దిగేసరికి నాన్న ఒక లారీ టైరు విప్పుతున్నాడు. "గెలిచినావా?" అన్నాడు. "వాళ్ళకి అర్థం కాలేదు" అన్నాను. "అయితే సప్లీలు" అని మళ్ళీ టైరు వైపు తిరిగాడు. పెద్దమ్మ వచ్చి బ్లేడుతో కుట్లు తెంపుతుంటే అప్పుడు ఏడుపొచ్చింది. మామ పరిగెత్తుకొచ్చి, "ఎట్టుండాది హారను?" అని అడిగాడు.

టైరు కోసం ఎదురుచూస్తున్న లారీ డ్రైవర్, నెరిసిన గడ్డం పెద్దాయన, నా నెత్తి వైపే చూస్తున్నాడు. "అదేంది పాపా?" అన్నాడు. మనిషికి ప్రాణం ఎంత మిగిలిందో చూపిస్తుందని ముక్కు తుడుచుకుంటూ చెప్పాను. "నా బండి వెనకాల పెడతావా?" అన్నాడు. నా కళ, లారీ వెనక, మట్టి కొట్టుకుపోయిన తలుపు మీద! కానీ లోకంలో ఇంకెవరూ అడగలేదు మరి. మామ గీతని కర్ర నుంచి విప్పి బండి వెనక బిగించాడు. ఆరు లైట్లు వెలిగితే చాలని, నాలుగు ఆరిపోయి ఉంటేనే ఉత్కంఠ ఉంటుందని, అన్నీ వెలిగితే అందం చెడుతుందని డ్రైవర్‌కి పాఠం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అన్నీ వెలిగించు పాపా. నేను బయలుదేరేటప్పుడు మా ఇంటామె వెనకాల నిలబడి చూస్తా ఉంటది" అన్నాడు.

అభిరుచి లేని మనిషి అని మనసులో అనుకుంటూనే మిగిలిన నాలుగూ వెలిగించమన్నాను.

సప్లీలు రాశాను, ఎలాగో గట్టెక్కాను. ఇప్పుడు ఒక ఆఫీసులో ఫోన్ తెరల మీద గడులూ గీతలూ గీస్తుంటాను, రంగు మార్చమంటే నోరెత్తకుండా మారుస్తాను. ఆ సాయంత్రం మాత్రం, సగం కుట్లు తెగిన పావడాతో, ఎండుచేప వాసనతో, ఆ లారీ హైవే ఎక్కి నాయుడుపేట వైపు వెళుతుంటే పది లైట్లూ కనిపించినంత దూరం చూస్తూ నిలబడ్డ ఆ పొగరుబోతు పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా, దగ్గరికి వెళ్ళి దాని ముక్కు తుడవాలనిపిస్తుంది. తుడవనివ్వదనుకోండి.