వాలీబాల్ అందినట్లు వేలిముద్ర

ఈ రోజు నంద్యాల నుంచి బస్సులో ఒక వాలీబాల్, వల పట్టుకుని ఆళ్లగడ్డ దగ్గర ఒక ఊరికి వెళ్లాను. నేను గ్రామసేవకుణ్ణి. పనిలేని కుర్రకారు చెడిపోకుండా యువజన సంఘాలకు ఆటసామాను పంచమని ప్రభుత్వ ఉత్తరువు. పని ఇప్పించమని ఆ ఊరి యువకులు పోయినేడు పెట్టుకున్న అర్జీకి ఇదే జవాబు.

ఊళ్లో వయసు పిల్లలెవరూ లేరు. అందరూ బేతంచెర్ల బండల గనులకు పోయారట. వాళ్లలో సంఘం అధ్యక్షుడు సుబ్బరాయుడు ఒక్కడే, తల్లితో ఇంట్లో ఉన్నాడు. ఎస్సెల్సీ ప్యాసయినవాడు, ఆ అర్జీ రాసింది అతనే. నెల కిందట గనిలో బండ పడి కుడిచేయి నుజ్జయితే మణికట్టు దాకా తీసేశారు.

బంతి ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాను.

"ఆడ పెట్టు సార్. ఆడేదానికి ఈడ ఎవరుండారు? సంతకం యాడ పెట్టాల?" అన్నాడు.

రసీదు అందించాను. ఎడమచేత్తో రాయబోయాడు. రెండక్షరాలు వంకర పోయేసరికి కలం కింద పెట్టేశాడు.

"వేలిముద్ర ఏపిచ్చుకో సార్, బేగా."

వాళ్లమ్మ మొహం తిప్పుకుంది. అతని బొటనవేలు నేనే సిరాలో అద్ది కాగితం మీద ఒత్తాను.

రసీదు కింద 'పుచ్చుకున్నవారికి చదువు వచ్చునా' అని ఒక గడి ఉంది. ఇంకా నింపలేదు. మీరైతే ఏం రాసేవారో చెప్పండి.