బెంగకు హిందీ మాట

సుబేదార్ గారు పోయారు. కబురు చెప్పింది ఆయన మనవరాలు. "అంకుల్, నానాజీ నహీఁ రహే" అంది ఫోన్‌లో. నాతో తెలుగే మాట్లాడాలన్న తాతగారి ఆర్డరు గుర్తొచ్చిందేమో, ఒక్క క్షణం ఆగి, "తాతగారు చచ్చిపోయారు" అని కూడబలుక్కుంది. వెనకనుంచి ఎవరో పెద్దావిడ "అలా అనకూడదు బేటా, పరమపదించారు అనాలి" అని దిద్దుతోంది. ఎందుకనకూడదండీ? ఆ పిల్ల ఏడుస్తూ వెతుక్కుని తెచ్చుకున్న మాట అది. మనిషి పోయిన చోట పెద్ద మాట తెచ్చి కప్పడం మనకి అలవాటైపోయింది. ఒక మాట బదులు ఇంకో మాట పెడితే ఏమవుతుందో నాకు నేర్పినవారు ఆ సుబేదార్ గారే. నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో ఒకావిడ చూపు చాలావరకు పోయింది. ఆ సంగతే చెప్పాలి.

ఘాజియాబాద్‌లో మా వీధి చివరిల్లు ఆయనది. శ్రీకాకుళం వైపు మనిషి. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో, అంటే టెలిఫోన్లూ వైర్లూ చూసేవాళ్ళలో, పనిచేసి రిటైరై కూతురి దగ్గర ఉండిపోయారు. పాల బూత్‌కి వెళ్ళినా పాలిష్ చేసిన బూట్లతోనే వెళ్ళేవారు. ఎక్కడైనా వైరు వేలాడుతుంటే ఆగి, అది ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో చూసి గాని కదిలేవారు కాదు. మా వీధిలో వేలాడని వైరు లేదు కాబట్టి పాలు తేవడానికి ఆయనకి గంట పట్టేది.

మా పరిచయం తగాదాతో మొదలైంది. టీవీల ముందు కూర్చుని యుద్ధాలు చేసేవాళ్ళ మీద నేనొక వ్యాసం రాశాను. అది పత్రికలోంచి చింపి పట్టుకుని, అక్కడక్కడా ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీసి, వచ్చి తలుపు కొట్టారు.

"రైటర్ గారంటే మీరేనేటి?"

"నేనే. ఏం, దేశద్రోహినని చెప్పడానికొచ్చారా?"

"అచ్ఛా, అలాగంటారేటి జనాలు? నాను అందుకు రాలేదండి. కోపం బాగా రాసినారు. ఇందులో మనిషేడండీ?"

అప్పటికి ఏదో వాదించి పంపేశాను.

తర్వాత ఆయనే ఒక మనిషిని, ఎప్పుడో పోయినవాణ్ణి, కథగా తెచ్చి నా ముందు పెట్టారు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయనతో పాటు పనిచేసిన లైన్‌మన్. ఇద్దరిదీ ఒకే ఊరు. ఫిరంగి గుళ్ళు పడి టెలిఫోన్ లైన్ తెగితే, చీకట్లోనో పొగలోనో వైరు పట్టుకుని పాక్కుంటూ వెళ్ళి, తెగిన చోట కలిపి రావడం అతని పని. ఆ రోజు మూడుసార్లు వెళ్ళి వచ్చాడు. నాలుగోసారి లైన్ కలిసింది. మనిషి రాలేదు. భార్య చేతిలో ఒక పతకం పెట్టారు. అంతే, ఆ ఊళ్ళో తప్ప ఇంకెవరికీ తెలీదు. ఢిల్లీ బేర్ సరాయ్‌లో గది తీసుకుని సినిమా కోర్సు చదువుతున్న ఒక తెలుగమ్మాయి సుబేదార్ గారి నోట ఈ కథ విని, ఆ ఊరెళ్ళి, అరగంట డాక్యుమెంటరీ తీసింది. యూనిట్ వాళ్ళని పట్టుకుని, యూనిఫాంలో ఉన్న అతని ఫోటోలు కూడా సంపాదించింది. భార్య దగ్గర పెళ్ళినాటి ఫోటో తప్ప మరొకటి లేదు.

ఆ డాక్యుమెంటరీని ప్రభుత్వ టీవీలో వేయించాలని సుబేదార్ గారి పట్టు. తొందర కూడా ఉంది. ఆ లైన్‌మన్ భార్యకి నీటికాసుల జబ్బు. ఉన్న చూపు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారు డాక్టర్లు. "టీవీ సంగతి తర్వాత, సీడీ పంపించి ముందు ఆవిడకి చూపించండి" అన్నాను నేను. ఆయన అదివరకే అడిగారట. ఆవిడ ఒప్పుకోలేదట. "ఆయన మనింటి పనిమీద పోయినాడేటి బాబూ, మనింట్లో మనం సూసుకోడానికి? పతకం డబ్బాలో పెట్టిచ్చినారు. ఆయన్ని కూడా డబ్బాలో పెట్టిస్తారేటి? సూపిస్తే అందరికీ సూపించమను, నానూ సూస్తాను" అందట. నా వ్యాసాలన్నీ ఒక పక్క, ఆ నాలుగు ముక్కలు ఒక పక్క.

ఆ చిత్రానికి ప్రాణం ఒక ఇన్‌లాండ్ లెటరు. అతను రాసిన ఆఖరి ఉత్తరం. "బెంగగా ఉంది. ఎవరితో చెప్పుకోను" అని ఉంది అందులో. చిత్రంలో ఎవరో దాన్ని తెలుగులోనే చదువుతారు, తెర కింద పడే హిందీ అనువాదం నాది. "ముఝే డర్ లగ్తా హై" అని రాశాను. నాకు భయమేస్తోంది అని.

సుబేదార్ గారు గొంతు సవరించుకున్నారు. "రైటర్ గారూ, బెంగంటే డరేటండీ? మా బారక్‌లో ఇంటిమీద మనసు లాగితే మన్ నహీఁ లగ్తా అనీవోళ్ళం."

"అది సినిమా పాటలా ఉంటుందండీ! సైనికుడికి మాత్రం భయం ఉండదా? ఉందని చెప్పనివ్వరు, అదే కదా అన్యాయం!" అని పావుగంట ఉపన్యాసం దంచాను.

"ఠీక్ హై. మీరు సదువుకున్నోరు" అన్నారాయన.

కొన్నాళ్ళకి ఆ టీవీ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. వీర సైనికుడి గౌరవానికి భంగం కలిగించే ఆ 'డర్' వాక్యం తీసేస్తే తప్ప పరిశీలించలేమని. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు పండగైంది. జవాను భయం చూసి భయపడే ప్రభుత్వం అంటూ రాశాను. ఒకటి కాదు, మూడు వ్యాసాలు. సభల్లో మైకు దొరికితే అదే పాట. చప్పట్లు బాగానే పడ్డాయి. నా ఒక్కో వ్యాసానికీ ఆ ఆఫీసు ఇంకాస్త బిగుసుకుంది.

సుబేదార్ గారు మాత్రం ఉత్తరంలో ముక్క కొయ్యడానికి ఒప్పుకోలేదు. ప్రతి మంగళవారం బూట్లు పాలిష్ చేసుకుని, ఫైలు పాలిథిన్ కవర్లో పెట్టుకుని, లోకల్ రైలెక్కి ఢిల్లీ వెళ్ళేవారు. "సాబ్ టూర్ పే హైఁ", "కమిటీ బైఠీ నహీఁ", అంటే దొర ఊళ్ళో లేడు, కమిటీ కూర్చోలేదు, అని విని సాయంత్రానికి తిరిగొచ్చేవారు. వచ్చి, బూట్లు విప్పకముందే ఊరికి ఫోన్. అడిగేది ఒకటే. "వదినా, గోడమీద కేలండర్ అవుపిస్తందా?" మొదట్లో అంకెలన్నీ కనబడేవి. తర్వాత పెద్ద అంకెల కేలండర్ తెప్పించారు. ఒక మంగళవారం ఆవిడ, "నల్లంకెలు ఉన్నాయి బాబూ. ఎర్రంకెలు మాసిపోనాయి. నాకింక ఆదివారాలు లేవు" అందట. అది నాకు చెబుతూ నవ్వబోయి ఆగిపోయారాయన. అయినా నేను పెన్ను ఆపలేదు.

రెండో ఏడు చివర్లో ఆఫీసు ఒక ఫారం ఇచ్చింది. అనువాదం మూలానికి సరిగ్గా ఉందని అనువాదకుడు సంతకం చెయ్యాలి. సుబేదార్ గారు ఫారమూ, అసలు ఉత్తరమూ తెచ్చి నా బల్లమీద పెట్టారు. మడతల దగ్గర చిరిగిపోతున్న ఆ నీలం కాగితాన్ని అంతకుముందు కూడా చూశాను. మనసుపెట్టి చదివింది మాత్రం ఆ రోజే. బెంగగా ఉంది. భయం అన్న మాట ఆ కాగితం మొత్తంలో ఎక్కడా లేదు. పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.

"ఇది డర్ కాదండీ" అన్నాను.

"కాదు."

"తెలిసీ ఆ ఆఫీసులో ఎందుకు చెప్పలేదు? తప్పు నాదని ఒక్క మాట అంటే ఎప్పుడో తేలిపోయేది!"

"మీరేసిన లైన్ కదండీ. మా దగ్గర ఎవుడేసిన లైన్ తెగితే ఆడే ఎల్లి కలపాల. ఆడు నాలుగోపాలి ఎల్లింది కూడా అందుకే. బయం లేదని కాదు. నాకూ ఉండీది, ఆడికీ ఉండీది. ఆడు రాసింది మట్టుకు అది కాదు."

మర్నాడు ఆయనతో పాటు నేనూ రైలెక్కాను. కొత్త కాగితం మీద "మన్ నహీఁ లగ్తా" చదివి ఆ అధికారి కళ్ళజోడు తీశాడు. "అరే, గ్రేటర్ నోయిడా హాస్టల్ నుంచి మా అమ్మాయి రోజూ ఫోన్‌లో అనేది ఇదే" అన్నాడు హిందీలో. ముద్ర వేసేశాడు. భయపడితే వీరుడు కాడన్న ఆ కమిటీ బుద్ధిని నేను క్షమించలేదు, క్షమించను. అది నా వాదన, దాని కోసం చచ్చేదాకా పోట్లాడతాను. ఆ ఉత్తరం మాత్రం నాది కాదు. నా వాదన కోసం అతని మాట తీసుకున్నాను.

ఒక బుధవారం పొద్దున్న పదకొండింటికి వేశారు, ఎవరూ టీవీ పెట్టుకోని వేళ చూసి. సుబేదార్ గారింట్లో అందరం గంట ముందే చేరాం. పది నిమిషాలుందనగా కరెంటు పోయింది. రాత్రంతా కరెంటు లేక ఇన్వర్టర్ తెల్లారకముందే ఖాళీ అయింది. నేను కరెంటు వాళ్ళనీ, రాష్ట్రాన్నీ, దేశాన్నీ తిడుతూ వరండాలోకీ లోపలికీ తిరుగుతున్నాను. ఆయన కుర్చీ లాక్కుని ఫోన్ దగ్గర కూర్చున్నారు.

"వదినా, కరెంటుందా? ఉందా! ఐతే రిసీవర్ టీవీ పక్కన పెట్టు. నువ్వు సూడు, నాను ఇంటాను."

అరగంటసేపు ఫోన్ చెవినుంచి తియ్యలేదు. నేను ఆయన ముఖంలో ఆ చిత్రాన్ని చూశాను. ఒకచోట చూపుడు వేలు పైకెత్తారు. ఉత్తరం వచ్చిందని అర్థమైంది. చివరికి అడిగారు, "అవుపించినాడా వదినా?"

అటునుంచి ఏమందో నాకు వినబడలేదు. ఆయన నాకోసం మెల్లిగా, ముక్క ముక్క తిరిగి చెప్పారు. "మొకం తెలీలేదంట. టోపీ తెలిసిందంట. గొంతు ఆయనది కాదు గానీ, మాట ఆయనదే అంటంది."

ఒక్క ఏడాది ముందైతే ముఖం కూడా తెలిసేది.

ఇంతలో లైన్ తెగిపోయింది. "హలో, హలో" అన్నారు రెండుసార్లు. రిసీవర్ మాత్రం పెట్టెయ్యలేదు. దాన్ని చెవిన పెట్టుకునే, రెండో చేత్తో ఫోన్ వైరు పట్టుకుని, బల్ల మీంచి గోడకి, గోడ మీంచి కిటికీకి తడుముకుంటూ వెళ్ళి, అది బయటికి పోయే చోట నిలబడి, వీధి మీద వేలాడే అన్ని వైర్లలో అదేదో వెతుకుతూ ఉండిపోయారు.